అడగాల్సిన మాట అడిగెయ్

అమ్మలూ,

ఇందాక ఫోన్లో నీ పక్కనే మీ రూమ్మేట్ ఉన్నట్టుంది, అందుకే పొడిపొడిగా మాట్లాడి పెట్టేశాను. కాస్త పొడుగ్గానే రాస్తున్నా. చదవగానే వెళ్లి తనతో మాట్లాడు, రేపు చూద్దాంలే అనుకోకు.

తను నిద్రపోవట్లేదనీ, క్లాసులు మానేసిందనీ, ఇష్టంగా దాచుకున్నవన్నీ పంచిపెడుతోందనీ అన్నావు. "నేను లేకపోతే అందరికీ హాయి" అందని కూడా చెప్పావు. ఇన్ని కనిపిస్తున్నప్పుడు చుట్టూ తిప్పి అడక్కూడదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని ఆ మాటతోనే అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తానేమోనని నీ భయం. దీని మీద చాలా పరిశోధనలు జరిగాయి, అడగడం వల్ల అలా అవుతుందని తేలలేదు. పైగా, ఎవరో ఒకరు పేరుపెట్టి అడిగారన్న ఊరట చాలామందికి ఉంటుంది. "పిచ్చి పనులేమీ చెయ్యవు కదా?" అని మాత్రం అనకు. లేదని చెప్పమని మనమే బతిమాలుతున్నట్టు ఉంటుంది ఆ ప్రశ్న. తనూ మన టెన్షన్ తీర్చడానికి "ఛ, లేదులే" అనేస్తుంది.

అవునంటే కంగారుపడి లేచిపోకు. ఎప్పటినుంచి అలా అనిపిస్తోంది, ఎలా చెయ్యాలో ఆలోచించుకుందా, అందుకు కావాల్సింది దగ్గరుందా అని మెల్లగా అడుగు. ఉందంటే ఒంటరిగా వదలొద్దు. ఆ వస్తువు గదిలోంచి తీయించి, వెంటనే ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చెయ్యండి, లేదా ఇద్దరు ముగ్గురు కలిసి హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. ప్రాణం తీసుకోవాలన్న ఆ ఉధృతి ఎగసి మళ్లీ తగ్గుతుంది. అది ఎగసినప్పుడు ప్రమాదకరమైనవేవీ చేతికి అందకపోతే చాలామంది బతికి బయటపడతారు.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంటే వెయ్యకు. "ఊరంతా చాటను. కానీ నీ ప్రాణం మీదికొస్తే మాత్రం దాచను. ఎవరికి చెబుదామో నువ్వే చెప్పు" అను. కోపం వస్తే రానీ. నాలుగు రోజులు నీతో మాట్లాడకపోయినా పర్లేదు.

మిగతాదంతా వినడమే. "ధైర్యంగా ఉండు", "నీకేం తక్కువ" లాంటివి మన నోటికి అలవాటైపోయిన మాటలు. తక్కువేమీ లేకపోయినా ఇలా ఉన్నందుకు సిగ్గుపడి, అవతలి మనిషి నోరు మూసుకుంటుంది. తను ఆగిపోతే నువ్వూ ఆగు. ఆ ఖాళీని సలహాలతో నింపకు.

2000లో ఆస్ట్రేలియాలో బెట్టీ కిచనర్ అనే నర్సు, ఆవిడ భర్త ఆంథొనీ జార్మ్ కలిసి మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ అని ఒక శిక్షణ మొదలుపెట్టారు. ఆ తర్వాత అది చాలా దేశాలకు పాకింది. మా ఆఫీసులోనూ పెడితే వెళ్లి కూర్చున్నా (భోజనాల తర్వాత పెట్టారు, సగంమంది కునుకు తీశారనుకో). రోగం పేరు కనిపెట్టడం మీ పని కాదు, డాక్టర్ చేతిలో పెట్టేదాకా తోడుండటమే మీ పని అని మొదటే చెప్పేశారు. నాకు నచ్చింది అదే. తనకున్నది డిప్రెషనా, ఇంకేమన్నానా అని నెట్లో వెతుక్కుంటూ కూర్చోకు.

డాక్టర్ మందులు రాస్తే ఒకటి గుర్తుపెట్టుకో. డిప్రెషన్ మందులు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. మీ వయసువాళ్లలో కొందరికి మొదటి వారాల్లో చావు ఆలోచనలు పెరగొచ్చు కూడా. అలా అయితే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. అంతేగానీ తనంతట తను మందు ఆపెయ్యకూడదు.

ఇక నీ సంగతి. రాత్రంతా నువ్వొక్కదానివే మేలుకుని కాపలా కాయడం కుదరదు, రెండో రోజుకే పడిపోతావ్. వాళ్ల అక్క నీకు తెలుసన్నావుగా, మీ రూమ్మేట్‌ని అడిగి ఆ అక్కని పిలిపించు. వార్డెన్‌కీ ఒక మాట చెప్పు. పరీక్షల గొడవ తర్వాత చూసుకుందాం, మీ నాన్నతో నేను మాట్లాడతా.

ఈ రాత్రి నా ఫోన్ సైలెంట్‌లో పెట్టను. అడిగాక తనేమందో ఎంత పొద్దుపోయినా ఫోన్ చేసి చెప్పు.

అమ్మ