తప్పక చూడండి: ‘ఎట్ క్లోజ్ రేంజ్’ (1986)

అందరికీ నమస్కారం. నేర కథలంటే మనకు మాఫియా పెద్దలే గుర్తొస్తారు. చిల్లర దొంగల మీద తీసిన ఈ సినిమాని మాత్రం పెద్దగా ఎవరూ తలుచుకోరు. దర్శకుడు జేమ్స్ ఫోలీ. 1970లలో పెన్సిల్వేనియా పల్లెల్లో ట్రాక్టర్లు ఎత్తుకెళ్లిన జాన్‌స్టన్ ముఠా కథే దీనికి ఆధారం.

ఏళ్లుగా పత్తా లేని తండ్రి ఓ రాత్రి జేబు నిండా డబ్బుతో ఊడిపడతాడు. పనీపాటా లేని కొడుకు ఆయన వెంట పడతాడు. నాన్న చేరదీశాడన్న మురిపెంతోనే కుర్రాడు ఊబిలో దిగిపోతాడు. పోలీసులు దగ్గరవుతున్న కొద్దీ తండ్రికి సొంత రక్తం మీదే అనుమానం. తండ్రిగా క్రిస్టఫర్ వాకెన్ గొంతు పెంచకుండానే వణికిస్తాడు. నవ్వు అలాగే ఉంటుంది, చూపు మారిపోతుంది. ఆ నవ్వు కోసమైనా చూడాలి.

కొడుకు షాన్ పెన్. తమ్ముడి వేషం వేసింది అతని సొంత తమ్ముడు క్రిస్ పెన్, ఇంటి పెద్దావిడగా వాళ్ల కన్నతల్లి ఐలీన్ రయన్. మడోనా ‘లివ్ టు టెల్’ పాట దీనిలోదే. పాట అమెరికాలో నంబర్ వన్ అయింది, సినిమా మరుగున పడిపోయింది. నాకు అదే బాధ.

చివర్లో తండ్రీకొడుకులు ఎదురుపడే సీన్ గురించి ఇక్కడ చెప్పను. చూసినవాళ్లూ దయచేసి బయటపెట్టకండి. ఆదివారం అందరం మాట్లాడుకుందాం.