మొదటి బాతు తేదీ ఒక్కటే చాలదు

అమ్మలూ,

వలస బాతుల రాకపోకలు రాసిపెడతానన్నావు కదా, ముందే ఒక మాట. మొదటి బాతు కనిపించిన తేదీని నమ్ముకోకు. రోజూ వెళ్లేవాళ్లకి అది ముందే దొరుకుతుంది, ఆదివారాలు మాత్రమే వెళ్లేవాళ్లకి ఆలస్యంగా. అంటే అది బాతుల సంగతి కన్నా చూసేవాళ్ల ఓపిక సంగతే ఎక్కువ చెబుతుంది.

వారానికో రోజు పెట్టుకుని, తెల్లారగానే, ఒకే చోటు నుంచి గంటసేపు చూడు. ఎండ వీపు మీద పడాలి. ఎదురెండలో బాతులన్నీ నల్లగానే కనిపిస్తాయి. 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది) చాలు. ఒక్క బాతూ లేకపోతే సున్నా అని రాయి. ఖాళీగా వదిలేస్తే, ఆ రోజు వెళ్లలేదో, వెళ్లినా కనబడలేదో తర్వాత నీకే తెలీదు.

పెద్ద గుంపైతే పది బాతుల్ని విడిగా లెక్కపెట్టి, అవి ఎంత మేర ఉన్నాయో కంటికి పట్టించుకుని, ఆ కొలతతోనే గుంపంతా లెక్కకట్టు. ఆ పదీ అంచున తీసుకుంటే లెక్క తగ్గిపోతుంది, అక్కడ పల్చగా ఉంటాయి కాబట్టి. నీళ్లలో మునిగి మేసే రకాలనైతే మూడుసార్లు లెక్కపెట్టి పెద్ద సంఖ్య ఉంచుకో.

వలస మొదట్లో మగవి కూడా ఆడవాటిలాగే మట్టిరంగులో ఉంటాయి, కొత్త ఈకలు ఇంకా రావు. "ఆడవే వచ్చాయి" అని రాసేయకు. అవి ఎగిరేటప్పుడు రెక్క చూడు: చెంచాముక్కు బాతు మగదానికి రెక్క ముందుభాగం అప్పుడూ లేతనీలంగానే ఉంటుంది.

ఇక అసలు లెక్క. వారం వారం 0, 4, 30, 120, 260, 240 వచ్చాయనుకో. గరిష్ఠం 260, అందులో సగం 130. 120 నుంచి 260కి ఏడు రోజుల్లో 140 పెరిగాయి, రోజుకి 20 చొప్పున. కాబట్టి 120 లెక్కపెట్టిన మర్నాటికే సగం దాటింది. ఏటేటా పోల్చాల్సింది ఆ తేదీనే. ముందుగా తప్పిపోయి వచ్చిన ఒంటరి బాతు దాన్ని కదిలించలేదు.

తిరిగి వెళ్లేటప్పుడు ఇంకో చిక్కుంది. సంఖ్య పడిపోయిందంటే వెళ్లిపోయాయనే కాదు. నీళ్లు పెరిగి అడుగు మేత మెడకి అందకపోయినా పక్క చెరువుకి మారిపోతాయి. అందుకే ఒడ్డున సెంటీమీటర్ల గీతలున్న కర్ర పాతి, నీటిమట్టం కూడా రాయి.

తేదీల్ని జనవరి 1 నుంచి లెక్కేసిన రోజు సంఖ్యలుగా మార్చుకో: అక్టోబర్ 1 అంటే 274, లీపు ఏడాదిలో 275. ఇది మరిస్తే వలస ఒక రోజు పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది, జరిగింది మాత్రం క్యాలెండరే.

నాన్న