నిజాంపట్నం వెళ్ళొచ్చి రాస్తున్నా

గుంటూరు,
మే 11.

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? పిల్లలు బాగున్నారా? ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి, అది ఉండేదే. నిజాంపట్నం వెళ్ళొచ్చాను. అప్పట్నుంచీ నీకు చెప్పాలని ఒకటే ఆరాటం.

రేపల్లె దాటి ముందుకెళ్తే హార్బర్, బోట్లు, ఐసు, ఎండుచేపలు. నిజాంపట్నం అంటే మన గుంటూరోళ్ళకి అంతే కదా. కానీ 1606 నాటికే అక్కడ డచ్చివాళ్ళ వర్తకం ఉంది. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్ళు దిగారు. చెన్నపట్నంలో కోట కట్టుకోడానికి దాదాపు ముప్ఫై ఏళ్ళ ముందు మాట ఇది! అప్పట్లో ఆ ఊరిని పెద్దపల్లి అనేవాళ్ళు.

వాళ్ళని అంత దూరం రప్పించింది మన గుడ్డలురా. ఆ తీరపు ఇసుక నేలల్లో చిరివేరు దొరికేది. గుడ్డకి కరక్కాయ, పటిక పట్టించి ఆ వేరుతో ఉడికిస్తే ఎరుపెక్కుతుంది, ఎన్ని ఉతుకులు ఉతికినా వదలదు. ఆ బట్టలు తూర్పు దీవులకి పోయేవి, బదులుగా మిరియాలు, లవంగాలు వచ్చేవి. ఓడ పేరు చరిత్రలో ఉంది. ఎండలో వేళ్ళు తవ్వినవాళ్ళ పేర్లు, రంగు కాచినవాళ్ళ పేర్లు ఎక్కడున్నాయి? నాకు అదే బాధ.

చేపల వేటకెళ్ళేవాళ్ళ సంగతీ రేపు ఇంతే అవుతుందేమోనని భయంగా ఉంది. పోటూ పాటూ, ఏరు సముద్రంలో కలిసే మొగలో ఇసుక ఎక్కడ మేట వేసింది, ఏ గాలికి ఏ చేప పడుతుంది, అంతా పెద్దవాళ్ళ నోటనే ఉంది. 1977 నవంబర్ 19 ఉప్పెన చూసినవాళ్ళు వాళ్ళు. మడ అడవి జోలికి పోవద్దని వాళ్ళంటే వినాలి. రొయ్య పిల్లలు, పీతలు పెరిగేది ఆ వేళ్ళ మధ్యే. కుర్రాళ్ళు జీపీఎస్ చూసి బోటు నడపడం మంచిదే, ప్రాణాలు నిలుస్తాయి. తాతల లెక్క కూడా వాళ్ళకి అందాలని నా ఆశ.

నువ్వు చరిత్ర మాస్టారివి, అడగడం నీకే బాగా తెలుసు. రికార్డర్ పట్టుకుని జూన్ 14 లోపే రా. ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం కదా, బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. వలలు బాగుచేసుకుంటూ తీరిగ్గా మాట్లాడతారు. వేట మొదలైతే ఒక్కరూ దొరకరు. ముందు గుంటూరులో దిగు, రేపల్లె రైల్లో కలిసి వెళ్దాం. టికెట్ తీసుకోగానే ఫోన్ చెయ్.

నీ
రవి