ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని అందరూ చెప్తున్నారు, ఎంత వస్తుందో ముందే చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేస్తున్నా. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి కాలేజీలు తెరిచేదాకా మా దగ్గర చదువుకున్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఫోన్లు చేస్తూనే ఉంటారు, అందరిదీ ఇంచుమించు ఒకటే మాట, సార్ ఫ్రీ సీటే గదా మళ్లీ పైసలెందుకు అడుగుతున్నరు అని. మీ పేపర్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వం కాలేజీలకి కట్టాల్సిన ఫీజు బకాయిల గురించి వార్తలు బాగానే వస్తున్నాయి, రావాలి కూడా. కానీ బకాయి కంటే ముందు ఇంకో సమస్య ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోవట్లేదు. పిల్లాడు వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుకి, అంటే ఏ కాలేజీ కావాలో ఆన్‌లైన్‌లో ఎంచుకునే రోజుకి, తనకి ప్రభుత్వం ఎంత ఇస్తుంది, ఇంట్లోంచి ఎంత కట్టాలి అనే లెక్క తెలీదు. జాయిన్ అయ్యాక, సర్టిఫికెట్లు ఇచ్చేశాక తెలుస్తుంది, అప్పుడు తెలిసి ఏం లాభం.

పథకాన్ని తప్పుపట్టడానికి రాయట్లేదు నేను. 2008 ప్రాంతంలో రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం పెద్ద ఎత్తున మొదలుపెట్టిన ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే మిర్చి కోతలకి పోయే ఇళ్ల నుంచి ఇంతమంది ఇంజనీర్లు వచ్చేవాళ్లే కాదు. ఆ తర్వాత రాష్ట్రం రెండయింది, ప్రభుత్వాలు మారాయి, అయినా పథకం రెండు చోట్లా నిలబడింది. అంత విలువైనది కాబట్టే దాని రూల్స్ ఊళ్లో అందరికీ తెలియాలని నా బాధ.

ముందు ఇంజనీరింగ్ సంగతి. మన తెలంగాణలో బీసీ, ఈబీసీ (రిజర్వేషన్ లేని కులాల్లో ఆర్థికంగా వెనకబడిన) పిల్లలకి ఎంసెట్ ర్యాంకు, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, 10 వేల లోపు వస్తే కాలేజీ ఫీజు మొత్తం ప్రభుత్వం భరిస్తుంది, అది దాటితే మామూలుగా ఏడాదికి 35 వేలే ఇస్తుంది. మిగతాది ఇంట్లోంచే. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి ఈ ర్యాంకు లెక్క లేదు. ఇప్పుడు 22 వేల ర్యాంకు వచ్చిన బీసీ అమ్మాయి హైదరాబాద్ చుట్టుపక్కల లక్ష రూపాయల ఫీజు ఉన్న కాలేజీ పెట్టుకుంది అనుకోండి, ఏడాదికి 65 వేలు, నాలుగేళ్లకి 2 లక్షల 60 వేలు వాళ్ల నాన్న కట్టుకోవాలి. ఇంకా హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజులు వేరే. అదే అమ్మాయికి తక్కువ ఫీజు ఉన్న కాలేజీలో అదే బ్రాంచి దొరికి ఉండొచ్చు, లేదా యూనివర్సిటీ కాలేజీలో ఇంకో బ్రాంచి దొరికి ఉండొచ్చు. ఆ తేడా ముందే తెలిస్తే కొందరు అయినా సరే ఆ కాలేజీకే పోతాం అంటారు, అది వాళ్ల ఇష్టం, కానీ తెలిసి పోతారు. సీటు అలాట్‌మెంట్ ఆర్డర్ మీద కట్టాల్సిన ట్యూషన్ ఫీజు ఎంతో ఉంటుంది నిజమే, కానీ అది సీటు వచ్చాక చేతికొచ్చే కాగితం, ఆప్షన్లు పెట్టేటప్పుడు నెట్ సెంటర్లో కూర్చున్న పిల్లాడికి ఆ లెక్క ఎవరు వేసి చూపిస్తున్నారు?

ఇంతకంటే ఘోరం స్పాట్ అడ్మిషన్లు. కౌన్సెలింగ్ అయిపోయాక మిగిలిన సీట్లు నింపుకోవడానికి కొన్ని కాలేజీల మనుషులు ఊళ్లకొస్తారు, ఇంటికొచ్చి కూర్చుని బాబుకి స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం మీరు సంతకం పెట్టండి చాలు అంటారు. కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా సీటొస్తేనే రీయింబర్స్‌మెంట్, స్పాట్‌లో చేరినా మేనేజ్‌మెంట్ కోటాలో చేరినా రాదు. డిగ్రీ వాళ్లకైతే దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) ద్వారా వచ్చిన సీటు అయ్యుండాలి. ఈ ఒక్క ముక్క తెలియక పొలం తాకట్టు పెట్టుకున్న కుటుంబాలు నాకు తెలుసు. పేర్లు రాయను, వాళ్లకి ఇప్పటికే సరిపోయినంత బాధ ఉంది.

ఇక కాగితాల విషయం, దీనికి కొంచెం ఎక్కువ చోటు ఇవ్వండి ఎందుకంటే అర్హత ఉండి కూడా డబ్బులు పోయేది ఇక్కడే. బీసీ, ఈబీసీ కుటుంబాలకి ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్నాల్లో 2 లక్షలు. ఇన్‌కమ్ సర్టిఫికెట్ మీసేవలో అప్లై చేస్తే తహసీల్దార్ ఆఫీసు నుంచి రావాలి, జూన్ జులైలో మండలంలో అందరూ ఒకేసారి దానికే ఎగబడతారు కాబట్టి లేటవుతుంది, ఈలోపు సర్టిఫికెట్ వెరిఫికేషన్ డేట్ దాటిపోతుంది. ఏప్రిల్‌లోనే పెట్టుకోమని క్లాసులో చెప్తా, విన్నవాళ్లకి ఇబ్బంది లేదు. తర్వాత పేర్లు. టెన్త్ మెమోలో ఇంటి పేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంకోలా ఉంటుంది, పుట్టిన తేదీ ఒక్క రోజు తేడా ఉంటుంది, స్కాలర్‌షిప్‌కి అప్లై చేసే ప్రభుత్వ వెబ్‌సైట్ ఈపాస్‌లో అప్లికేషన్ అక్కడే ఇరుక్కుంటుంది. ఆధార్ సరిచేయించుకోవడం ఇంటర్ సెకండియర్ సెలవుల్లో చేసుకుంటే చిన్న పని, అడ్మిషన్ల సమయంలో అయితే పెద్ద తలనొప్పి.

బ్యాంకు అకౌంటు గురించి కూడా చెప్పాలి. పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చాం కదా డబ్బులు అందులోనే పడతాయి అనుకుంటారు పిల్లలు. ఆధార్ ఆధారంగా పంపే డబ్బు పాస్‌బుక్ చూసి రాదు, ఆధార్‌కి చివరిసారి ఏ బ్యాంకు లింకయిందో అందులో పడుతుంది. ఎప్పుడో గ్యాస్ సబ్సిడీ కోసమో ఉపాధి హామీ కోసమో తెరిచిన అకౌంటు లింకులో ఉంటే అందులోకి పోతుంది, వీళ్లేమో రాలేదు రాలేదు అని తిరుగుతుంటారు. లింకున్న అకౌంటు వాడకుండా మూలపడి ఉంటే డబ్బు వెనక్కి పోవచ్చు. ఎస్సీ విద్యార్థుల విషయంలో ఇంకొకటి, టెన్త్ తర్వాత చదువులకిచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా 60 శాతం నేరుగా విద్యార్థి అకౌంట్లో వేసే పద్ధతి వచ్చింది, రాష్ట్రం వాటా 40. ఆ పడిన డబ్బులో కాలేజీకి కట్టాల్సిన ఫీజు కూడా ఉంటుందని చెప్పేవాళ్లు లేక పిల్లలు ఇంటి అవసరాలకి వాడేస్తున్నారు, ఏడాది చివర్లో కాలేజీ అడిగితే బిత్తరపోతున్నారు. తప్పు పిల్లలది కాదు, అకౌంట్లో పడ్డప్పుడు ఇది దేనికొచ్చిన డబ్బు అని తెలుగులో ఒక మెసేజ్ వస్తే సరిపోయేది.

అప్లై చేశాం అయిపోయింది అనుకోవడం కూడా మామూలే. ఆన్‌లైన్‌లో పెట్టాక మీసేవకి పోయి వేలిముద్ర వేయాలి, ప్రింటు కాగితాలు కాలేజీలో ఇవ్వాలి, కాలేజీ వాళ్లు వెరిఫై చేసి సంక్షేమ శాఖకి పంపాలి, ఆ తర్వాతే శాంక్షన్. మధ్యలో ఎక్కడ ఆగినా అది విద్యార్థి వచ్చి అడిగితేనే కదులుతుంది. పైగా ఫస్టియర్‌లో వచ్చింది కదా అని సెకండియర్‌లో రెన్యువల్ పెట్టనివాళ్లు బోలెడుమంది, ఏటా పెట్టాలి, హాజరు 75 శాతం ఉండాలి. స్టేటస్ నెలకోసారి చూసుకోమని చెప్తే చాలామంది అమ్మాయిలు ఫోన్ నాన్న దగ్గర ఉంటుంది సార్ ఓటీపీ ఆయనకే వస్తుంది అంటారు. ఫారం చూస్తే అంతా ఇంగ్లీషు. తెలుగు మీడియంలో చదివి, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కుతున్న పిల్ల ఆ ఫారం ముందు కూర్చుంటే నెట్ సెంటర్ అబ్బాయి ఏది కొడితే అదే ఆమె భవిష్యత్తు అవుతోంది, అతను మాత్రం ఎంతని చూస్తాడు, వెనకాల లైన్‌లో ఇంకా పదిమంది ఉంటారు.

ఆదాయ పరిమితి కొంచెం దాటిన ఇళ్లు ఉంటాయి, ఆర్టీసీ డ్రైవర్లు, ప్రైవేటు స్కూల్ టీచర్లు, చిన్న కిరాణా కొట్ల వాళ్లు. వీళ్లు మాకేం రాదులే అని వదిలేస్తారు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ అని కేంద్రానిది ఒకటుంది, అందులో సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌కి ఆదాయ పరిమితి నాలుగున్నర లక్షలు, ఇంటర్ బోర్డులో తన గ్రూపులో పైన 20 శాతంలో ఉంటే అప్లై చేయొచ్చు, డిగ్రీ మూడేళ్లు ఏడాదికి 12 వేలు, పీజీలో 20 వేలు. దేశం మొత్తానికి ఏటా 82 వేల మందికి కొత్తగా ఇస్తారు, సగం అమ్మాయిలకే. ఇంజనీరింగ్, డిప్లొమా చదివే అమ్మాయిలకి సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 50 వేలు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే అప్లై చేయొచ్చు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకి దాకా. దివ్యాంగులకి అదే 50 వేలతో సక్షమ్ ఉంది. ఒకటి తీసుకుంటే ఇంకోటి రాదు లాంటి షరతులు ఉంటాయి, చదువుకుని పెట్టుకోవాలి. ఏడాదికి 50 వేలు అంటే హాస్టల్ ఖర్చులో చాలావరకు వెళ్లిపోతుంది కదా, మరి ఈ పేరు విన్నవాళ్లు ఎంతమంది అని ఏ క్లాసులో అడిగినా చేతులు లేవవు.

లోన్ల మాట కూడా ఒకటి. ఫీజు గ్యాప్ కోసం మా వైపు నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తున్నారు, ఏడాదికి 36 శాతం అన్నమాట. 4 లక్షల దాకా విద్యారుణానికి ఆస్తి తాకట్టు అక్కర్లేదని వాళ్లకి తెలియదు, చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా కిస్తీలు మొదలవవని కూడా తెలియదు. 2024 నవంబర్‌లో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి తెచ్చింది, ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటొస్తే తాకట్టు, హామీదారు లేకుండా లోన్, ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల లోన్ దాకా వడ్డీలో 3 శాతం తగ్గింపు. మా పిల్లలు చేరే కాలేజీలు చాలా మటుకు ఆ లిస్టులో ఉండవు, అయినా ఉన్నవాళ్లకి చెప్పాలి కదా.

బకాయిల గురించి రెండు మాటలు రాయకుండా ఉండలేను. 2025లో ప్రైవేటు కాలేజీలు బకాయిలు ఇవ్వమని బంద్ పెట్టాయి, వాళ్ల జీతాల బాధ వాళ్లది, కాదనను. కానీ ప్రభుత్వం ఇవ్వలేదని పాసైపోయిన పిల్లాడి టీసీ, మెమోలు ఆపి, ఫీజు మొత్తం కట్టు ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తాం అనడం ఏం న్యాయం? ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీల దగ్గర పెట్టుకోకూడదు, చూసి వెంటనే తిరిగిచ్చేయాలని యూనివర్సిటీలని చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఉద్యోగం వచ్చి సర్టిఫికెట్లు చూపించలేక ఆ ఉద్యోగం పోగొట్టుకున్న కుర్రాడు ఆ బకాయికి బాధ్యుడా? ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య ఉన్న లెక్క వాళ్లిద్దరే తేల్చుకోవాలి.

మాది సరిహద్దు జిల్లా కాబట్టి అవతల చుట్టాలు కూడా అడుగుతుంటారు. ఆంధ్రలో విద్యాదీవెన, వసతిదీవెన పేర్లతో కొన్నాళ్లు తల్లుల అకౌంట్లో వేశారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే ఇస్తామన్నారు, పేరు కూడా మారింది. తల్లి అకౌంట్లో పడుతుందని ఎదురుచూస్తున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పద్ధతి మార్చుకునే హక్కు ప్రభుత్వాలకి ఉంది, మార్చిన సంగతి ఇంటింటికీ చెప్పే బాధ్యత కూడా ఉండాలి.

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ప్రతి జూనియర్ కాలేజీలో ప్రాక్టికల్స్ మొదలుకాకముందే ఒక పూట సెకండియర్ పిల్లల్ని, తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి ఇవన్నీ తెలుగులో చెప్పాలి, సంక్షేమ శాఖ నుంచి ఒకరు, బ్యాంకు నుంచి ఒకరు వస్తే చాలు, ఆధార్ లింకు కూడా అప్పుడే చూసేయొచ్చు. వెబ్ ఆప్షన్ల పేజీలో కాలేజీ పేరు పక్కనే నీ ర్యాంకుకి, నీ కేటగిరీకి ప్రభుత్వం ఇచ్చేది ఇంత, నువ్వు కట్టేది ఇంత అని కనపడాలి, ఆ వివరాలన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఈపాస్ ఫారం తెలుగులో కూడా పెట్టాలి. స్పాట్‌లో చేర్చుకునే కాలేజీ దీనికి రీయింబర్స్‌మెంట్ రాదు అని రాసిన కాగితం మీద తల్లిదండ్రుల సంతకం తీసుకున్నాకే చేర్చుకోవాలి.

మీరు చేయగలిగింది కూడా ఒకటుంది ఎడిటర్ గారూ. కౌన్సెలింగ్ నోటిఫికేషన్ వచ్చిన వారంలో జిల్లా పేజీలో అరపేజీ ఇవ్వండి, అప్లికేషన్ చివరి తేదీలు, కావాల్సిన కాగితాలు, ఎవరికి ఎంత వస్తుంది అనేది. ర్యాంకుల ఫొటోలు వేసే కాలేజీల ప్రకటనల పక్కనే వేస్తే ఇంకా మంచిది, ఆ పేజీ ఎలాగూ అందరూ చూస్తారు. మా పిల్లలకి ఇవ్వడానికి నేను తెలుగులో తయారుచేసుకున్న కాగితాల లిస్టు ఉంది, కావాలంటే పంపిస్తా, సంక్షేమ శాఖ వాళ్లతో ఒకసారి సరిచూపించుకుని వేసుకోండి, నా పేరు అక్కర్లేదు.

ఇట్లు
ఒక జూనియర్ లెక్చరర్
ఖమ్మం జిల్లా