తలకిందుల ఇంజిన్ ముక్కు తీసుకున్నవాళ్లకు: తప్పు మాదే

"ఇంజిన్ స్టార్ట్ అవుతోందండీ, త్రాటిల్ తగ్గించగానే ఆగిపోతోంది." మోడల్ విమానాలకు ఇంజిన్‌ను బోర్లించి బిగించేలా మేం అమ్మే ముక్కు కిట్ గురించి ఈ మధ్య నాకొచ్చిన ఫోన్లలో ఎక్కువ ఇవే. నేను కూడా అందరికీ ఒకే జవాబు చెప్పాను: నీడిల్ (ఇంధనం ఎంత వెళ్లాలో సరిచేసే మర) సరిచూసుకోండి, గ్లో ప్లగ్ (ఇంధనాన్ని అంటించే వేడి తీగ ఉన్న ప్లగ్) మార్చి చూడండి. మూడో మనిషి కూడా అదే మాట చెప్పాక అనుమానం వచ్చి, మేం పంపిన కిట్‌నే ఒకటి విప్పి బల్ల మీద బిగించాను. తప్పు మీ నీడిల్‌లో లేదు, ఇంధన ట్యాంకు కూర్చోవడానికి మేం కోసిన పలకలో ఉంది.

ఇంజిన్ నిటారుగా ఉండే ముక్కు డ్రాయింగునే తీసుకుని, ఇంజిన్‌ను మాత్రం బోర్లించి, తలకిందుల ముక్కు అని పేరు పెట్టాం. ట్యాంకును కదపలేదు. చూడ్డానికి ఎంతో ముచ్చటగా కుదిరింది. సిలిండర్ హెడ్ కౌలింగ్‌లోకి (ఇంజిన్ మీది తొడుగులోకి) వెళ్లిపోయింది, ముక్కు మీద కొమ్ములా ఏదీ పొడుచుకు రాలేదు. టైగర్ మాత్ అనే పాత శిక్షణ విమానంలోని గిప్సీ మేజర్ ఇంజిన్‌కి నాలుగు సిలిండర్లూ కిందికే వేలాడుతుంటాయి కదా, అలాంటి విమానాల మోడల్‌కి ఇంజిన్ నిటారుగా పెడితే అందం పోతుంది. ఆ అందం మోజులో పడి లెక్క మర్చిపోయాం.

లెక్క ఇది. మా దగ్గరున్న 40 సైజు టూ స్ట్రోక్ గ్లో ఇంజిన్‌లో ప్రొపెల్లర్ తిరిగే షాఫ్ట్ మధ్య నుంచి కార్బ్యురేటర్ స్ప్రే బార్ (ఇంధనం చిమ్మే సన్నని గొట్టం) 16 మిల్లీమీటర్లు పైన ఉంది. బోర్లిస్తే అంతే కిందికి పోతుంది. ట్యాంకు మధ్యగీత మాత్రం షాఫ్ట్‌కి 8 మిల్లీమీటర్లు పైనే ఉండిపోయింది. అంటే ట్యాంకు కార్బ్యురేటర్ కంటే 24 మిల్లీమీటర్ల ఎత్తున కూర్చుంది. ఉండాల్సింది సమానంగా, లేదా కాస్త కింద.

ట్యాంకు నింపి, త్రాటిల్ తెరిచి, కింద తెల్ల కాగితం పరిచి వదిలేశాను. టీ తాగి వచ్చేసరికి కాగితం మీద మరక పాకుతోంది. గ్లో ప్లగ్ విప్పగానే ఇంధనం ధారగా కారింది. నిటారు ఇంజిన్‌లో ఎక్కువైన ఇంధనం క్రాంక్ కేస్‌లో నిలుస్తుంది. బోర్లించిన ఇంజిన్‌లో అన్నిటికంటే కిందున్నది ప్లగ్గే. తడిసిన ప్లగ్ చల్లారుతుంది, ఐడిల్‌లో (త్రాటిల్ పూర్తిగా తగ్గించి నెమ్మదిగా తిరిగేటప్పుడు) ఇంజిన్ ఆగిపోతుంది. ఇంకా పెద్ద ప్రమాదం స్టార్టర్‌తో ఉంది. హెడ్ నిండా ఇంధనం ఉన్నప్పుడు ఎలక్ట్రిక్ స్టార్టర్ నొక్కితే, ద్రవం అణగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒకాయనకు అదే జరిగింది. కిట్‌తో పంపిన సూచనల కాగితంలో "స్టార్టర్ పెట్టండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాం. ఆ రాడ్ ఖర్చు మాది, ఆయనతో మాట్లాడాను.

కొత్త పలక కోస్తున్నాం. దాంతో ట్యాంకు 24 మిల్లీమీటర్లు దిగుతుంది, మధ్యగీతలు సమానమవుతాయి. ఇంకా దించాలని ఉంది కానీ ముక్కు అడుగు అడ్డొస్తోంది. సమానం చేయడానికి కూడా 300 మిల్లీలీటర్ల ట్యాంకు పట్టలేదు, 240 పెట్టాల్సి వచ్చింది. ఫుల్ త్రాటిల్ మీద దాదాపు రెండు నిమిషాలు తగ్గుతాయి. పలక, ట్యాంకు రెండూ మా ఖర్చు మీద పంపుతాం. ఇప్పటికే పాత పలక అంటించేసినవాళ్లు మాత్రం దాన్ని కోసి తీయక తప్పదు. ఆ పని ఎంత చిరాకో నాకు తెలుసు. వద్దనుకుంటే కిట్ వెనక్కి పంపండి, డబ్బు తిరిగిస్తాం. ఈ సర్దుబాటు పూర్తయ్యేదాకా ఈ ముక్కు అమ్మకం ఆపేశాం.

పలక వచ్చేలోపు ఎగరేయాలనుకుంటే, ట్యాంకు నింపగానే ఇంధన గొట్టాన్ని క్లిప్పుతో నొక్కి పెట్టండి. ప్లగ్‌కి బ్యాటరీ తగిలించకుండా ప్రొపెల్లర్‌ను చేత్తో నెమ్మదిగా రెండు మూడు చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే బలవంతం చేయొద్దు, ప్లగ్ విప్పి ఇంధనం వంచేయండి. విమానాన్ని వీపు మీద పడుకోబెట్టి స్టార్ట్ చేయడం కూడా మంచి పద్ధతే, అప్పుడు ఇంజిన్ నిటారుగా ఉంటుంది. కాకపోతే ట్యాంకులో పైన ఉండాల్సిన ప్రెషర్ గొట్టం (మఫ్లర్ నుంచి ట్యాంకుకు ఒత్తిడి తెచ్చేది) కొస ఇంధనంలో మునిగి, మఫ్లర్‌లోకి కారుతుంది. అందుకని సగానికి మించి నింపకండి. స్టార్ట్ అయ్యాక విమానాన్ని మళ్లీ నిలబెట్టేలా తిప్పడానికి ఇద్దరుండాలి, తిప్పేటప్పుడు ప్లగ్ బ్యాటరీ తీయకండి.

పలక మార్చాక అన్నీ సర్దుకుంటాయని మాత్రం చెప్పను. బోర్లించిన ఇంజిన్ ఐడిల్‌లో కాస్త రిచ్ (ఇంధనం పాలు ఎక్కువ) అయినా అలుగుతుంది. లో స్పీడ్ నీడిల్‌ను నిటారు ఇంజిన్ కంటే కొంచెం లీన్‌గా (ఇంధనం తక్కువగా) పెట్టాలి, ఐడిల్ బార్ (తీగకు ఇంధనం తగలకుండా అడ్డుండే చిన్న కడ్డీ) ఉన్న ప్లగ్ వాడితే మేలు. అదీ చాలకపోతే త్రాటిల్ తగ్గినప్పుడు ప్లగ్‌ను వేడిగా ఉంచే ఆన్‌బోర్డ్ బ్యాటరీ పెట్టుకోవాలి. మొదటి విమానం కడుతున్నవాళ్లకు నేను ఈ ముక్కు ఇవ్వను, ఇంజిన్‌ను పక్కకు తిప్పి బిగించేది ఇస్తాను. కోపం తెచ్చుకోకండి.

ఇంకో సంగతి. ఇంజిన్ కాస్త కుడికి చూసేలా పెట్టే వంపు మా ముక్కులో ఫైర్‌వాల్‌లోనే (ఇంజిన్ వెనక అడ్డుపలకలోనే) ఉంది కాబట్టి భయం లేదు. బయట కొన్న మౌంట్‌లోనే (ఇంజిన్‌ను పట్టి ఉంచే బిగింపులోనే) వంపు పోతపోసి ఉంటే, 180 డిగ్రీలు తిప్పగానే కుడి కాస్తా ఎడమ అవుతుంది, డౌన్ త్రస్ట్ (కిందికి ఉన్న వంపు) అప్ అవుతుంది. బిగించేముందు స్కేలు పెట్టి చూసుకోండి. త్రాటిల్ ఆర్మ్ కూడా అవతలి పక్కకు వెళ్తుంది, కన్నం కొత్తగా వేయాలి.

ఫోర్ స్ట్రోక్ పెట్టినవాళ్లకు కార్బ్యురేటర్ ఎత్తు ఇంజిన్‌ని బట్టి మారుతుంది, ఈ 24 లెక్క మీకు పనికిరాదు. అందుకే ఎవరైనా సరే, పలక అడిగేటప్పుడు షాఫ్ట్ మధ్య నుంచి స్ప్రే బార్ మధ్యకు ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి రాసి పంపండి. ఆ కొలత లేకుండా ఈసారి ఒక్క పలక కూడా కోయను.