జడ్జికీ బి-ఫారం ఇద్దామా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక ఉత్తరాల పేజీలో ఈ మధ్య ఒక పాఠకుడు రాసిన ఉత్తరం చదివాను. హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ఎంపిక నాలుగు గోడల మధ్య జరిగిపోతోందనీ, అమెరికాలోని చాలా రాష్ట్రాల్లోలాగా ప్రజలే ఓటు వేసి ఎన్నుకుంటే ఈ పీడ విరగడవుతుందనీ ఆయన రాశారు. ఆయన బాధలో న్యాయం ఉంది. ఆయన చెప్పిన మందు మాత్రం రోగం కంటే ప్రమాదం. నా ఉద్యోగ జీవితమంతా గుంటూరు జిల్లా కోర్టుల్లోనే గడిచింది. బెంచి క్లర్కుగా, ఆ తర్వాత శిరస్తాదారుగా, అంటే కోర్టు ఆఫీసు పెద్ద గుమస్తాగా, పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు ఏటా కొన్ని నెలలు అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలో ఉన్న మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తులు పార్టీ టికెట్టు మీద పోటీ చేసి గెలిచినవారే. అక్కడ కళ్లారా చూసింది చెప్పకుండా ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఒక వివరం. అమెరికా సుప్రీంకోర్టుతో సహా ఫెడరల్ కోర్టుల జడ్జీలను ఎవరూ ఎన్నుకోరు. అధ్యక్షుడు నియమిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది, వారు జీవితాంతం పదవిలో ఉండవచ్చు. ఎన్నికలు ఉన్నది రాష్ట్రాల కోర్టులకు. అందులోనూ ఏ రాష్ట్రం పద్ధతి దానిదే. టెక్సస్, అలబామా, నార్త్ కరోలినా వంటి చోట్ల జడ్జి పేరుతో పాటు పార్టీ పేరు కూడా బ్యాలెట్ మీద ఉంటుంది. జడ్జీలను ఎన్నుకునే పద్ధతిని తెచ్చినవాళ్లు చెడు ఉద్దేశంతో తేలేదు. 1832లో మిసిసిపి, 1846లో న్యూయార్క్ ఈ బాట పట్టినప్పుడు, పాలకులు తమ అనుయాయులకు జడ్జి పదవులు పంచిపెడుతున్నారన్నదే జనం ఫిర్యాదు. అంటే ఇవాళ మన పాఠకుడి ఫిర్యాదు లాంటిదే. పాలకుల పట్టు నుంచి తప్పించబోయి జడ్జిని పార్టీ చేతిలో పెట్టారు.

నార్త్ కరోలినా సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తులు, ఎనిమిదేళ్ల పదవీకాలం. 2004 నుంచి కొన్నేళ్లు బ్యాలెట్ మీద పార్టీ పేరు లేకుండానే ఈ ఎన్నికలు నడిపారు. 2016 నవంబరులో డెమోక్రాట్ అయిన మైక్ మోర్గన్ గెలవడంతో కోర్టులో ఆధిక్యం 4-3తో డెమోక్రాట్ల వైపు మళ్లింది. రిపబ్లికన్ల చేతిలో ఉన్న శాసనసభ మరుసటి నెలలోనే, డిసెంబరులో, ప్రత్యేక సమావేశం పెట్టి సుప్రీంకోర్టు ఎన్నికలకు పార్టీ పేర్లు మళ్లీ తెచ్చింది. 2018 నుంచి అదే పద్ధతి.

2024 అక్టోబరులో మా అమ్మాయి నమూనా బ్యాలెట్ అచ్చు తీసి వంటింటి బల్ల మీద పెట్టుకుంది. అధ్యక్షుడు, గవర్నరు మొదలుకొని పేర్లే పేర్లు. ఆ వరసలో సుప్రీంకోర్టు 06వ స్థానం, దాని కింద అప్పీళ్ల కోర్టు 12, 14, 15వ స్థానాలు, ఆ తర్వాత జిల్లా జడ్జీలు. పైవాళ్ల గురించి మా అమ్మాయీ అల్లుడూ గంటసేపు వాదించుకున్నారు. జడ్జీల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి పెన్సిళ్లూ చకచకా కిందికి దిగిపోయాయి. "వీళ్లు ఏ కేసులో ఏం తీర్పు ఇచ్చారో చూడవద్దా?" అని అడిగాను. "ఇంతమంది తీర్పులు ఎక్కడ చదువుతామమ్మా, పార్టీ పేరు ఉందిగా" అంది. కోర్టులో ఒక్క వాయిదాకు కట్టలకొద్దీ కాగితాలు మోసిన దాన్ని, జడ్జి ఎంపిక ఇంత తేలిగ్గా జరగడం నాకు మింగుడుపడలేదు. తప్పు మా అమ్మాయిది కాదు. ఓటరు తలకు మించిన భారాన్ని ఓటరు మీద మోపితే పార్టీ పేరే దిక్కవుతుంది.

ఆ 06వ స్థానానికి పోటీపడింది డెమోక్రాట్ అయిన సిట్టింగ్ న్యాయమూర్తి ఆలిసన్ రిగ్స్, రిపబ్లికన్ అయిన అప్పీళ్ల కోర్టు జడ్జి జెఫర్సన్ గ్రిఫిన్. పోలైన ఓట్లు 55 లక్షలకు పైనే. రిగ్స్ 734 ఓట్లతో గెలిచారు. మళ్లీ లెక్కించినా ఆధిక్యం చెక్కుచెదరలేదు. ఓడిన అభ్యర్థి మాత్రం 65,000కు పైగా ఓట్లు చెల్లవని ఫిర్యాదు చేశారు. అందులో దాదాపు 60,000 మందిది ఒకే కారణం: ఓటరు నమోదు వివరాల్లో డ్రైవింగ్ లైసెన్సు నంబరో, సోషల్ సెక్యూరిటీ నంబరు (మన ఆధార్ నంబరు లాంటిది) చివరి అంకెలో కనబడటం లేదట. అదే కాగితం మీద అధ్యక్షుడికి పడ్డ ఓటు గురించి ఎవరికీ పేచీ లేదు. జడ్జికి పడ్డ ఓటు మాత్రం కొట్టేయాలట! ఆ జాబితాలో రిగ్స్ గారి తల్లిదండ్రుల పేర్లు కూడా ఉన్నాయి.

మా అమ్మాయి స్నేహితురాలు ఒకామె, మన తెనాలి వైపు అమ్మాయే, పౌరసత్వం వచ్చాక మొదటిసారి వేసిన ఓటు అది. ఆమెకు ఒక పోస్టుకార్డు వచ్చింది. మీ ఓటు మీద ఫిర్యాదు ఉండవచ్చని ఒక వాక్యం, పక్కన ఫోనుతో స్కాన్ చేయాల్సిన నల్ల గళ్ల చతురస్రం. అచ్చం పిజ్జా దుకాణం ప్రకటనలా ఉంది. మా ఇంటికి తెచ్చి చూపించింది. లైసెన్సులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఓటరు నమోదులో పొట్టి అక్షరమే ఉంది, రెండూ కలవలేదేమోనని ఆమె అనుమానం. "నేనేమైనా నేరం చేశానా ఆంటీ?" అని ఆ పిల్ల అడిగిన తీరు నాకింకా మనసులో ఉంది. సమన్లు అందుకున్న పల్లెటూరి మనుషుల ముఖాల్లో నేను చూసిన భయమే అది.

ఆ తర్వాత ఆరు నెలల పాటు కోర్టుల చుట్టూ తిరిగిందా వ్యవహారం. 2025 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టే ఫలితం ధ్రువీకరణ ఆపింది. తమ పక్క కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చే వ్యాజ్యాన్ని ఆ కోర్టువారే వినవలసి వచ్చింది. రిగ్స్ గారు విచారణ నుంచి తప్పుకున్నారు, అది సరే. మిగిలిన ఆరుగురిలో ఐదుగురు రిపబ్లికన్లు. వాళ్లలో ఒకరైన రిచర్డ్ డీట్జ్ ఫలితం ఆపడం తప్పని తన పార్టీవారితో విభేదించారు. అలాంటివారు ఉన్నారు కాబట్టే ఆ కోర్టు మీద నాకు పూర్తిగా నమ్మకం పోలేదు. ఏప్రిల్‌లో అప్పీళ్ల కోర్టు 2-1తో గ్రిఫిన్ వైపు తీర్పు ఇచ్చింది. వారం తిరిగేసరికి రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ 60,000 ఓట్లను కాపాడింది గానీ, విదేశాల నుంచి, సైన్యం నుంచి వచ్చిన కొన్ని వేల ఓట్ల మెడ మీద కత్తి అలాగే ఉంచింది.

చివరికి తేల్చింది ఎవరనుకున్నారు? రిచర్డ్ మయర్స్ అనే ఫెడరల్ జడ్జి. ఆయనను నియమించింది డొనాల్డ్ ట్రంప్. మే 5న ఆయన రిగ్స్ గెలుపును ధ్రువీకరించమని ఆదేశించారు. ఆట ముగిశాక నియమాలు మార్చకూడదన్నది ఆ తీర్పు సారాంశం. రెండు రోజులకు గ్రిఫిన్ ఓటమి ఒప్పుకున్నారు. మన పాఠకుడు గమనించవలసింది ఇక్కడే. తనను నియమించిన పార్టీకి నచ్చని తీర్పు చెప్పగలిగిన ఆ జడ్జి మళ్లీ ఏ పార్టీ టికెట్టూ అడగనక్కర లేనివాడు, ఎవరి చందా కోసమూ చేయి చాచనక్కర లేనివాడు.

ఇంతకంటే నన్ను కలవరపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. 2022లో ఇదే రాష్ట్ర సుప్రీంకోర్టు, డెమోక్రాట్ల ఆధిక్యం ఉన్నప్పుడు, ఒక పార్టీకి మేలు కలిగేలా నియోజకవర్గాల గీతలు గీయడం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ డిసెంబరులోనే ఓటరు గుర్తింపు కార్డు చట్టాన్ని కూడా కొట్టేసింది. ఆ నవంబరు ఎన్నికల్లో రిపబ్లికన్లు గెలిచి, కొత్త సంవత్సరంలో ఆధిక్యం 5-2 అయింది. ఫిబ్రవరిలో రెండు కేసులనూ మళ్లీ వింటామన్నారు. 1993 నుంచి పునర్విచారణ కోరుతూ 214 దరఖాస్తులు వస్తే కోర్టు ఒప్పుకున్నవి రెండేనని న్యాయమూర్తి అనిటా ఎర్ల్స్ తన అసమ్మతిలో గుర్తుచేశారు. 2023 ఏప్రిల్ 28న రెండు తీర్పులూ తలకిందులయ్యాయి. రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు, వాది ప్రతివాదులు మారలేదు, సాక్ష్యం మారలేదు. మారింది కుర్చీల్లో మనుషులు. మొదటి తీర్పు సరైనదా, రెండోదా అని నేను తేల్చబోవడం లేదు. నెలల్లోనే తిరగబడిన తీర్పును ఓడిన పక్షం చట్టం అని ఎలా నమ్ముతుంది?

నేను పనిచేసిన ఒక కోర్టుకు బదిలీ మీద ఒక యువ జూనియర్ సివిల్ జడ్జి వచ్చారు. పై వాటా అద్దెకు తీసుకుని దిగారు. కొన్నాళ్లకు ఒక ప్రహరీ గోడ తగాదా ఆయన బెంచి మీదికి వచ్చింది. దావా కట్ట నేనే అందించాను. వాది చిరునామా చూసి ఆయన ఆగిపోయారు. ఆయన ఇంటి యజమాని బావమరిది ఆ వాది. ఇద్దరు వకీళ్లనూ పిలిచి విషయం చెప్పారు. ప్రతివాది వకీలు, "మాకేమీ అభ్యంతరం లేదు సార్, మీ మీద మాకు నమ్మకం ఉంది" అన్నాడు. జడ్జి గారు, "అభ్యంతరం ఇవాళ మీకు ఉండదు. ఓడినవాడికి రేపు ఉంటుంది" అని, దావాను వేరే కోర్టుకు మార్చమని జిల్లా జడ్జికి ఆ సాయంత్రమే ఉత్తరం రాయించారు. ఆ ఉత్తరం నా చేతులతో టైపు చేశాను.

ఆ మనిషి అద్దె ఇంటి బంధుత్వానికే తప్పుకున్నాడు. వెస్ట్ వర్జీనియాలో జరిగింది చూడండి. 2002లో మాసీ అనే బొగ్గు కంపెనీ మీద చిన్న గని యజమాని హ్యూ కేపర్టన్‌కు 5 కోట్ల డాలర్ల తీర్పు వచ్చింది. అప్పీలు రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్లేలోగా 2004లో జడ్జి ఎన్నిక వచ్చింది. అప్పుడు అక్కడా పార్టీ టికెట్టు పద్ధతే. కంపెనీ అధిపతి డాన్ బ్లాంకెన్‌షిప్ సుమారు 30 లక్షల డాలర్లు ఖర్చుపెట్టి బ్రెంట్ బెంజమిన్ అనే అభ్యర్థికి దన్నుగా నిలిచాడు. బెంజమిన్ గెలిచారు, కేసు నుంచి తప్పుకోమంటే తప్పుకోలేదు, 3-2తో కంపెనీ గెలిచింది. 2009లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన తప్పుకుని ఉండాల్సిందని చెప్పింది. అదైనా ఏకగ్రీవం కాదు, 5-4. వెస్ట్ వర్జీనియా 2015లో జడ్జి ఎన్నికల నుంచి పార్టీ పేర్లు తీసేసింది.

పార్టీ పేరు తీసేస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. విస్కాన్సిన్‌లో బ్యాలెట్ మీద పార్టీ ఉండదు. అయినా 2025 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టులో ఒక్క స్థానానికి దాదాపు 10 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఎలాన్ మస్క్ కొందరు ఓటర్లకు ఒక్కొక్కరికి పది లక్షల డాలర్ల చెక్కులు ఇచ్చారు. పార్టీ పేరు ఉంటే ఓటరుకు కనీసం ఆ కాస్త సమాచారమైనా అందుతుందని కొందరి వాదన. మా ఇంటి బల్ల దగ్గర చూసినదాన్ని బట్టి అందులో నిజం ఉందని ఒప్పుకుంటాను. నా దృష్టిలో అది పార్టీ పేరును సమర్థించే వాదన కాదు. ఎన్నిక అన్నదే ఈ పనికి పనికిరాదని అది చెబుతోంది.

ఇక మన దగ్గరకు వద్దాం. జడ్జి పదవికి పార్టీ తన అభ్యర్థికి ఇచ్చే బి-ఫారం తీసుకుని నామినేషన్ వేసిన మనిషిని ఊహించుకోండి. ఆయన వెనుక జెండాలు, మోటారు సైకిళ్లు, కాంట్రాక్టర్ల చందాలు, కులపెద్దల లెక్కలు. వార్డు మెంబరు ఎన్నికకే ఓటుకు నోటు పంచుతున్న రోజుల్లో, గెలిచిన జడ్జి ముందుకు మర్నాడు ఇసుక కేసో, భూసేకరణ కేసో వస్తుంది. ఎదుటి పార్టీకి ఓటేసిన రైతు ఆ కోర్టు మెట్లు ఏ ధైర్యంతో ఎక్కుతాడు?

సీనియర్ న్యాయమూర్తులే కొత్త న్యాయమూర్తుల పేర్లు ఎంపిక చేసే కొలీజియం లోపాలను నేను వెనకేసుకు రావడం లేదు. కొలీజియం బదులు తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు 4-1తో కొట్టేసినప్పుడు విభేదించిన ఒక్కరూ మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ గారే. కొలీజియం పనితీరులో పారదర్శకత లేదని ఆయన అన్నది ఇవాళ్టికీ నిజం. 2017 నుంచి తీర్మానాలు వెబ్‌సైట్‌లో పెడుతున్నారు గానీ, ఒకరిని ఎందుకు తీసుకున్నారో, ఇంకొకరిని ఎందుకు పక్కన పెట్టారో సామాన్యుడికి అర్థమయ్యేలా రాయడం ఇంకా అలవాటు కాలేదు. సిఫారసు చేసిన పేర్ల మీద ప్రభుత్వం నెలల తరబడి కూర్చుంటుంది. పదవి దిగిన జడ్జికి ప్రభుత్వ పదవి ఇవ్వడానికి కొన్నేళ్ల ఎడం ఉండాలన్న నియమం లేదు.

మనం అడగవలసినవి ఇవి: ప్రతి నియామకానికీ, ప్రతి తిరస్కరణకూ రాతపూర్వక కారణం, ప్రభుత్వానికి గడువు, పదవీ విరమణకూ కొత్త పదవికీ మధ్య ఎడం. వీటికి ఏ పార్టీ జెండా అక్కర లేదు. ఆ ఉత్తరం రాసిన పాఠకుడు ఈ మూడు కోరికలతో సంతకాలు సేకరిస్తానంటే, నేను గుంటూరు వచ్చాక నా పాత సహోద్యోగుల ఇళ్లకు ఆయనతో పాటు వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత శిరస్తాదారు,
తెనాలి (ప్రస్తుతం కేరీ, నార్త్ కరోలినా)