కాటుకను ఒడ్డుకు చేర్చినవాళ్లకు

ముందు అందరూ అడుగుతున్న ప్రశ్నకు జవాబు. జనవరిలో సీల్ అనే సముద్ర జంతువు కరిచిన మా కుక్క కాటుక బాగుంది. గాయాలు మానాయి, కడుపునిండా తింటోంది, నిన్న సాయంత్రం మేడమెట్లు తనంతట తానే ఎక్కింది. ఐదు వారాలుగా ఫోన్లు చేసి, మెసేజీలు పెట్టి, ఇంటికొచ్చి పలకరించిన ప్రతి ఒక్కరికీ చేతులెత్తి నమస్కారం. విడివిడిగా చెబుదామని చాలాసార్లు కూర్చున్నాను కానీ కుడిచేతి వేలు మాట వినలేదు. ఇప్పుడు టైప్ చేయగలుగుతున్నాను కాబట్టి జరిగిందంతా రాస్తున్నాను. ఇక్కడి స్నేహితులకు ఇంగ్లిషులో వేరే రాశాను. ఇది మనవాళ్ల కోసం. యూకే తీరంలో కుక్కలను వెంటేసుకుని తిరిగే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు.

మేముండేది కింగ్స్ లిన్ దగ్గర. విథమ్, వెల్లండ్, నీన్, గ్రేట్ ఊజ్ నదులు నాలుగూ వచ్చి కలిసే వాష్ అఖాతం మాకు దగ్గరే. ఆటు సమయంలో చూస్తే మైళ్ల కొద్దీ బురద, మధ్యలో మెలికలు తిరిగే ఉప్పుటేళ్లు. పోటు వచ్చిందంటే అంతా నీళ్లే. మాది దివిసీమ, అందుకే మొదటిసారి చూసినప్పుడే ఈ చోటు నాకు కొత్తగా అనిపించలేదు. మా పక్కింటి పెద్దాయన యాభై ఏళ్లుగా ఇక్కడ అడవి బాతుల వేటకు వెళ్తున్నారు. మన దగ్గర వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. ఇక్కడ సెప్టెంబరు నుంచి సీజన్ ఉంటుంది, పోటు నీళ్లు తగిలే ఒడ్డున ఫిబ్రవరి 20 దాకా అనుమతిస్తారు. నేను తుపాకీ పట్టను. కాటుకను తీసుకెళ్తానంతే. ఆరేళ్ల నల్ల లాబ్రడార్ అది. నీళ్లలో పడ్డ పక్షిని పంటిగాటు పడకుండా తెచ్చి చేతిలో పెట్టడం దానికి పెద్దాయనే నేర్పారు.

జనవరిలో ఒక శనివారం. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఒక విజన్ బాతు పాయ నడుమ పడింది. చలికాలం మన కొల్లేరుకు కూడా వస్తుంది ఆ బాతు, ఈల వేసినట్టు కూస్తుంది. పాయ వెడల్పు ముప్పై గజాలకు మించదు. కాటుక ఈదుకుంటూ వెళ్లి, బాతును నోట కరుచుకుని ఇటు తిరిగింది. దాని వెనకాల నీళ్లలోంచి గుండ్రంగా నల్లటిదేదో పైకి లేచింది. వలకు కట్టే తేలుడు బుడ్డి ఏదో కొట్టుకొచ్చిందనుకున్నాను. అది మునిగింది. మరుక్షణం కాటుక కేక పెట్టింది. ఆరేళ్లలో దాని నోట అలాంటి అరుపు నేను వినలేదు. వెనక భాగం ఎవరో లాగినట్టు కిందికి పోయింది, బాతును వదిలేసింది, తల ఒక్కటే పైకి కనిపిస్తోంది. అదీ మునిగి మళ్లీ లేచింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

పెద్దాయన ముందు తుపాకీ మడిచి తూటాలు బయటికి తీశారు, దాన్ని సంచి మీద పెట్టారు, అప్పుడు దిగారు. ఈ టైములో అదెందుకని మనసులో విసుక్కున్నాను. నిండు తుపాకీని బురదలో పడేసి పరిగెత్తి ఉంటే ఏమయ్యేదో తర్వాత అర్థమైంది. ఛాతీ లోతు నీళ్లలోకి దిగి, చేతికర్రతో నీళ్లను చరుస్తూ, గొంతు చించుకుని అరుస్తూ వెళ్లారు. సీల్‌ను కొట్టలేదు, నీళ్లనే కొట్టారు. అది పట్టు వదిలింది. ఆయన చెయ్యి కాటుక మెడపట్టీకి అందింది. డెబ్బై దాటిన మనిషి, జనవరి నీళ్లు. అయ్యా, మీరు నన్ను "థాంక్స్" అననివ్వరు కాబట్టి మీకు అర్థం కాని భాషలో అంటున్నాను. మా ఇంటి పిల్లను బతికించారు.

నల్లటి బొచ్చులో గాయం సరిగ్గా కనపడలేదు. వేళ్లతో తడిమితే తొడ మీద నాలుగు రంధ్రాలు, ఒక్కోటి శనగగింజంత. చలికి రక్తం కూడా పెద్దగా రాలేదు. చిన్న గాయమే కదా అని నాకు ప్రాణం లేచొచ్చింది. పెద్దాయన మాత్రం తల అడ్డంగా ఊపారు. సీల్ పళ్లు మొనదేలి ఉంటాయి, పైన గింజంత కనిపిస్తే లోపల కండలోకి దిగి ఉంటుంది అన్నారు. తన కోటు విప్పి దానికి చుట్టారు. ఈలోగా అవతలి పాయ దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్లు అరుపులు విని వచ్చారు. డెకాయ్ బాతుల్ని, అంటే అసలు బాతుల్ని రప్పించడానికి నీళ్లలో వదిలే బొమ్మల్ని, లాక్కెళ్లే ప్లాస్టిక్ స్లెడ్జి ఉంది వాళ్ల దగ్గర. బాతు బొమ్మలన్నీ బురదలో గుమ్మరించి, కాటుకను అందులో పడుకోబెట్టి, పోటు మొదలయ్యేలోపు కరకట్ట దాకా మైలు దూరం లాక్కొచ్చారు. మోకాలి లోతు బురద. నేను పక్కన దాని తల పట్టుకుని నడిచాను, అంతే నేను చేసింది.

వాష్‌లో సీల్స్ ఉంటాయని నాకు తెలుసు. మా పిల్లలకు చూపించడానికి డిసెంబరులో, సీల్స్ ఒడ్డుకొచ్చి పిల్లల్ని పెట్టే డోనా నూక్ తీరానికి కూడా వెళ్లాం. కంచె అవతల తెల్లటి బొచ్చుతో పడుకున్న సీల్ పిల్లల్ని చూసి ముచ్చటపడి వచ్చాం. సీల్ కుక్క మీదికి వస్తుందని మాత్రం కల్లో కూడా అనుకోలేదు. ఇక్కడ ఉండేవి రెండు రకాలు. కామన్ సీల్ చిన్నది, మొహం కుక్కపిల్లలా పొట్టిగా ఉంటుంది. గ్రే సీల్ ముక్కు పొడవు, పక్కనుంచి చూస్తే గుర్రం తలలా కనిపిస్తుంది, మగది మూడు వందల కిలోల దాకా పెరుగుతుంది. మా కాటుక బరువు ఇరవై ఎనిమిది. దాన్ని పట్టింది గ్రే సీలే అన్నారు పెద్దాయన. ఆయన ఇప్పుడు కుక్కను పంపే ముందు రెండు మూడు నిమిషాలు నీళ్లను చూస్తూ ఆగుతున్నారు. సీల్ ఒకసారి మునిగితే చాలాసేపటికి గానీ లేవదు, ఒక్క చూపుతో నీళ్లు ఖాళీ అనుకోకూడదట. తల కనపడిందా, పక్షిని వదులుకోవడమే. ఒడ్డున పడుకున్న సీల్ అయినా అంతే, నవంబరు, డిసెంబరుల్లో పిల్లలున్న చోటికైతే కుక్కను అసలే పోనివ్వకూడదు. తల్లి ఊరుకోదు, పైగా మనం బెదరగొడితే తల్లీపిల్లా విడిపోతాయి.

నాకు దాని మీద కోపం లేదు. అది దాని ఇల్లు.

ఇక వెటర్నరీ డాక్టరు గారికి, ఆదివారం కూడా వచ్చి కట్టు మార్చిన నర్సులకు. లోపలికంటా కడిగి, చీము బయటికి పోవడానికి గొట్టం పెట్టి, కొన్ని రంధ్రాలను కుట్టకుండా వదిలేశారు. పైన మూసేస్తే లోపల పాడవుతుందని వివరంగా చెప్పారు. డిస్టెంపర్ అనే కుక్కల వైరస్ జబ్బుకు టీకా వేయించారా అని కూడా అడిగారు. 1988లో, మళ్లీ 2002లో ఈ సముద్రంలో వేల సీల్స్‌ను చంపిన వైరస్, కుక్కల డిస్టెంపర్ వైరస్ దగ్గరి చుట్టాలట. వేయించే ఉంది కాబట్టి ఊపిరి పీల్చుకున్నాం.

నా వేలి సంగతి. ఆ రోజు చలికి పగిలిన చేతులతో, గ్లవ్స్ లేకుండా దాని గాయాలు తడిమాను. ఐదో రోజుకు చూపుడువేలు వంకాయలా వాచింది, రాత్రంతా సలుపు. దగ్గర్లోని క్లినిక్‌లో పెన్సిలిన్ రకం మాత్రలిచ్చారు, తగ్గలేదు. మన తెలుగు గ్రూపులో అందరం అక్కా అని పిలిచే డాక్టరు గారు ఫొటో చూసి వెంటనే ఫోన్ చేశారు. "కరిచింది సీల్ అని వాళ్లకు చెప్పావా తమ్ముడూ?" అన్నారు. చెప్పలేదు. కుక్క గాయం కడుగుతుంటే అయిందన్నాను, అంతే. దీన్ని సీల్ ఫింగర్ అంటారట. మైకోప్లాస్మా అనే క్రిమి వల్ల వస్తుంది. దానికి కణకవచం ఉండదు, పెన్సిలిన్ పనిచేసేదే ఆ కవచం మీద. అందుకే నా మాత్రలు పనిచేయలేదు, దీనికి టెట్రాసైక్లిన్ రకం కావాలి. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో సీల్ వేటగాళ్లు ఈ జబ్బుతో వేళ్లు తీయించుకునేవారట. మర్నాడు మళ్లీ వెళ్లి సీల్ సంగతి చెప్పాను, ఆ రకానిదే అయిన డాక్సీసైక్లిన్ రాశారు, మూడో రోజుకు సలుపు తగ్గింది. అక్కా, మీరు ఆ రాత్రి డ్యూటీలో ఉండి కూడా ఫోన్ చేశారు. ఈ వేలితోనే ఇదంతా రాస్తున్నాను.

వారం రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వని పీటర్‌బరో మిత్రులకు, పిల్లల్ని స్కూలుకు దింపిన వదినకు, కాటుక కోసం ఉప్పులేని చికెన్ ఉడకబెట్టి పంపిన పిన్నిగారికి ఎంత చెప్పినా తక్కువే.

ఒక్క అప్పు మాత్రం తీరలేదు. ఆ ఇద్దరు కుర్రాళ్ల పేర్లు అడగలేదు, టెన్షన్‌లో ఫోన్ నంబరు కూడా తీసుకోలేదు. కరకట్ట మీద కాటుకను కారెక్కించి, వదిలేసిన బొమ్మల కోసం మళ్లీ బురదలోకి పరిగెత్తారు. అప్పటికే పోటు పాయల్లోకి ఎక్కుతోంది. అన్నీ దొరికాయో లేదో. ఆ వైపు వేటకు వెళ్లేవాళ్లు మీకెవరైనా తెలిస్తే దయచేసి చెప్పండి. ఆకుపచ్చ స్లెడ్జి, ముందు నీలం తాడు. కడిగి మా షెడ్డులో పెట్టాను.